నేపథ్య మసక - వస్తుధర్మమా, ఆత్మాశ్రయమా? : ఛాయాచిత్ర చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఛాయాచిత్రంలో ముఖం స్పష్టంగా ఉండి, దాని వెనుకనున్న చెట్లు, దీపాలు, గోడలు మసకబారి కనిపించడం నేడు సర్వసాధారణం. ఆ మసక ఎంత ఉన్నదనేది ఒక ప్రశ్న. ఎలా ఉన్నదనేది మరొక ప్రశ్న. రెండవదానిని సూచించడానికి ఛాయాచిత్రకారులు ‘బొకె’ అనే జపనీస్ పదాన్ని వాడుతున్నారు. 1997లో అమెరికా పత్రిక ‘ఫొటో టెక్నిక్స్’ ఈ అంశంపై వ్యాసాలు ప్రచురించినప్పుడు, సంపాదకుడు మైక్ జాన్‌స్టన్ ఉచ్చారణకు అనువుగా ఆ పదం చివర ఆంగ్ల అక్షరం ‘హెచ్’ను చేర్చాడు. అప్పటినుండి ఆ రూపమే స్థిరపడింది. తెలుగులో ‘బొకే’ అనగానే పూలగుత్తి స్ఫురిస్తుంది కనుక ఈ వ్యాసంలో ‘మసక’ అనే పదమే గ్రహింపబడింది.

ఒక కటకం ఇచ్చే మసక బాగున్నదని, మరొకటి ఇచ్చేది బాగులేదని అనడం కేవలం ఆత్మాశ్రయమా, లేక దానికి వస్త్వాశ్రయమైన ఆధారమేదైనా ఉన్నదా అనేది ఇక్కడి విచారణ. మసక స్వరూపం కొలవదగిన వస్తుధర్మమనీ, దాని మంచిచెడుల నిర్ణయం మాత్రం ఒక కాలపు సమాజం కలిసి ఏర్పరచుకున్న అభిరుచి అనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. మసక స్వరూపం

ఫోకస్‌లో లేని కాంతిబిందువు చిత్రంలో బిందువుగా కాక బిళ్ళగా పడుతుంది. నేపథ్యమంతా ఇటువంటి అసంఖ్యాకమైన బిళ్ళల కలయికే. ఆ బిళ్ళ ఆకారాన్ని డయాఫ్రం రేకులు నిర్ణయిస్తాయి; రేకుల అంచులు తిన్నగా ఉంటే బిళ్ళ బహుభుజిగా మారుతుంది. చిత్రం అంచులకు పోయేకొద్దీ కటకపు గొట్టం కొంత కాంతిని అడ్డగించడం వల్ల బిళ్ళ పిల్లికన్ను ఆకారం పొందుతుంది.

ఆకారం కన్నా ముఖ్యమైనది బిళ్ళలో కాంతి పరచుకున్న తీరు. ఇది ప్రధానంగా గోళీయ విపథనంపై ఆధారపడుతుంది. ఆ దోషాన్ని అవసరానికి మించి సవరించిన కటకంలో నేపథ్యపు బిళ్ళల అంచు ప్రకాశవంతమవుతుంది. అప్పుడు వెనుకనున్న సన్నని కొమ్మ రెండు గీతలుగా కనిపిస్తుంది. జపనీయులు దీనిని ‘నిసెన్ బొకె’ అంటారు. అంటే రెండు గీతల మసక. సవరణ తక్కువైతే బిళ్ళ నడుమ కాంతి నిలిచి, అంచు మెల్లగా కరిగిపోతుంది. అయితే వస్తువు వెనుక మెత్తదనం ఇచ్చిన కటకమే వస్తువు ముందున్న వాటికి కరుకుదనం ఇస్తుంది. 1990లో నికాన్ సంస్థ తెచ్చిన 135 మిల్లీమీటర్ల ‘డీసీ నిక్కోర్’ కటకానికి అదనంగా ఒక వలయం ఉంది. ముందు, వెనుకలలో ఏ వైపు మెత్తదనం కావాలో దానిని తిప్పి ఎంచుకోవచ్చు. ఇంతవరకు వ్యక్తి ఇష్టానికి చోటు లేదు. ఎవరు కొలిచినా ఫలితం ఒక్కటే.

3. దోషమే గుణమైన తీరు

1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ గణితం ఆధారంగా రూపొందించిన కటకం ముఖచిత్రాలకు కావలసిన వేగాన్నిచ్చింది. దాని ద్వారం సుమారు ఎఫ్/3.6. చిత్రం నడుమ చక్కని స్పష్టత ఉండి, అంచులకు పోయేకొద్దీ అది తగ్గేది. అనువైన నేపథ్యం ఉంటే ఆ మసక సుడి తిరిగినట్లు కనిపించేది. తరువాతి కటక నిర్మాతలు దీనిని తొలగించవలసిన లోపంగానే భావించారు. అయితే 2013లో లోమోగ్రఫీ సంస్థ ప్రజల నుండి చందాలు సేకరించి ఆ కటకాన్ని మళ్ళీ తయారుచేయించింది. ఈసారి కొన్నవారు కోరుకున్నది ఆ సుడినే. కాంతి నియమాలు మారలేదు; చూసేవారి అపేక్ష మారింది.

1866లో డాల్‌మేయర్ పేటెంట్ పొందిన కటకంలో గోళీయ విపథనాన్ని కావాలని పెంచుకునే ఏర్పాటు ఉంది. అదే దశాబ్దంలో, కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ మసకబారిన ముఖచిత్రాలు తీసి విమర్శకు గురైంది. ఫోకస్ అంటే ఏమిటో నిర్ణయించే అధికారం ఎవరిదని ఆమె శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌కు 1864లో రాసిన లేఖలో ప్రశ్నించింది. ఆమె మసక నేపథ్యానికే పరిమితం కాదు, ముఖాన్నీ తాకుతుంది. అయినా ఆమె ప్రశ్న నేటి చర్చకు మూలంగా నిలుస్తుంది.

4. ప్రమాణం కోసం వెతుకులాట

ఆ అధికారాన్ని శాస్త్రానికి అప్పగించడానికి పీటర్ హెన్రీ ఎమర్సన్ ప్రయత్నించాడు. 1889లో వెలువడిన ‘నేచురలిస్టిక్ ఫొటోగ్రఫీ’లో, మానవనేత్రం ఒకేసారి అన్నింటినీ సమానంగా చూడదు కనుక చిత్రంలో ప్రధాన వస్తువు కన్నా తక్కినవి మెత్తగా ఉండాలని ప్రతిపాదించాడు. ఇందుకు హెల్మ్‌హోల్ట్జ్ దృష్టిశాస్త్రాన్ని ఆధారం చేసుకున్నాడు. ఈ వాదంలో ఒక చిక్కు ఉంది. కన్ను నిలకడగా ఉండదు. ఎటు తిరిగితే అటు స్పష్టత పొందుతుంది. చిత్రంలోని మసక వైపు ఎంతసేపు చూసినా అది తేటపడదు. కనుక నేత్రధర్మం నుండి చిత్రధర్మాన్ని నేరుగా రాబట్టడం సాధ్యం కాదు. ఎమర్సన్ కూడా, వేరే కారణాలతోనైనా, త్వరలోనే తన సిద్ధాంతాన్ని బహిరంగంగా ఉపసంహరించుకున్నాడు.

1932లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ మొదలైనవారు ఏర్పరచిన ‘గ్రూప్ ఎఫ్/64’ దీనికి పూర్తి భిన్నమైన మార్గం పట్టింది. చిత్రమంతటా స్పష్టతనిచ్చే అతిచిన్న ద్వారమే ఆ బృందం పేరయింది. నేపథ్యాన్ని మసకబార్చడం ఒక తరానికి సహజత్వం, మరొక తరానికి కృత్రిమత్వం. రెండు పక్షాలూ తమదే యథార్థదృష్టి అని నమ్మాయి.

5. అభిరుచి యంత్రంలో చేరిన దశ

1999లో మినోల్టా తెచ్చిన 135 మిల్లీమీటర్ల ‘ఎస్‌టీఎఫ్’ కటకంలో అంచుల వైపు క్రమంగా చిక్కబడే ప్రత్యేకమైన గాజు అమర్చబడింది. దానివల్ల ముందు, వెనుకలు రెండింటా బిళ్ళల అంచులు కరిగిపోతాయి. ఇందుకు చెల్లించిన మూల్యం కాంతి: కటకం ఎఫ్/2.8 అయినా, లోపలికి ప్రసరించే వెలుతురు 4.5కు సమానం. మెత్తని మసకే మంచిదనే తీర్పు ఇక్కడ గాజులో స్థిరపడింది.

2016లో ‘ఐఫోన్ 7 ప్లస్’తో ఆపిల్ తెచ్చిన పోర్ట్రెయిట్ పద్ధతిలో మసక గణనఫలితంగా మారింది. రెండు కెమెరాల సాయంతో దూరాన్ని అంచనా వేసి, నేపథ్యానికి మసకను చేరుస్తారు. జుట్టు అంచును నేపథ్యంగా పొరబడి చెరిపివేస్తే అది నిస్సందేహంగా దోషమే. కాని బిళ్ళ ఎంత గుండ్రంగా, ఎంత మెత్తగా ఉండాలనేది గాజు స్వభావం కాదు, రూపకర్త ఎంపిక. ఆ ఎంపికే కోట్లమంది చేతిలోని పరికరంలో ముందే సిద్ధంగా ఉన్నప్పుడు, ఒక కాలపు అభిరుచి ప్రకృతినియమంలా తోచే ప్రమాదముంది.

6. ముగింపు

మసక గుణం ‘ఎవరి ఇష్టం వారిది’ అనడం చరిత్రకు సరిపడదు. ఒకే కాలంలో ఎందరో ఒకే విధంగా ఇష్టపడడానికి అది కారణం చెప్పదు. గుణమంతా కొలతలోనే ఉన్నదనడం కూడా నిలవదు. పెట్జ్‌వాల్ సుడి అందుకు సాక్ష్యం. భారతీయ కావ్యశాస్త్రంలోని సహృదయ భావన ఇక్కడ ఉపకరిస్తుంది. నిరంతర కావ్యపరిచయంతో సంస్కారం పొందినవాడే సహృదయుడు. అతని అనుభవం కేవలం వైయక్తికం కాదు, కావ్యానికి వెలుపల స్వతంత్రంగా ఉండేదీ కాదు. మసకను మెచ్చే కన్ను కూడా అటువంటి పరిచయంతోనే తయారవుతుంది. కనుక ఒక చిత్రంలోని మసకను పరిశీలించేవారు దాని భౌతికస్వరూపాన్ని ముందు వర్ణించి, ఆ చిత్రం ప్రయోజనానికి అది ఎంత ఉచితమో తరువాత నిర్ణయించడం సమంజసం. అప్పుడు ‘బాగున్నది’ అనే తీర్పుకు కారణం అడగవచ్చు, దానితో విభేదించనూ వచ్చు.