వడపోత కాగితం పట్టించిన ఫాస్ఫేట్

కండరంలో ఇంధనంగా దాచిన గ్లైకోజెన్‌ను విడగొట్టే ఎంజైమ్ ఫాస్ఫోరిలేజ్. కుందేలు కండరం నుంచి దాన్ని స్ఫటికాలుగా తీసి, అది రెండు రూపాల్లో ఉంటుందని చెప్పినవారు సెయింట్ లూయిస్‌లోని కోరి దంపతులు, కార్ల్, గెర్టీ. 'ఎ' రూపం తనంతట తాను పనిచేస్తుంది. 'బి' రూపానికి ఏఎంపీ అనే చిన్న అణువు తోడుండాలి. రెంటికీ తేడా ఎక్కడుందో మాత్రం తేలలేదు.

1953లో ఎడ్మండ్ ఫిషర్ సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. జెనీవాలో ఆయన పరిశోధించిన బంగాళాదుంప ఫాస్ఫోరిలేజ్‌కు ఏఎంపీ అక్కర్లేదు. సియాటిల్‌లోనే ఉన్న ఎడ్విన్ క్రెబ్స్ కోరిల దగ్గర పనిచేసి వచ్చినవారు. దుంపకు అక్కర్లేనిది కండరానికెందుకు? ఇద్దరూ ఆ ప్రశ్న పట్టుకున్నారు.

కోరిలు కండరపు రసాన్ని కాగితంతో వడపోసేవారు. వీరు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తేర్చారు. రసం తేటగానే వచ్చింది, కానీ అందులో ఉన్నదంతా 'బి'యే. తిరిగి కాగితం వాడితే 'ఎ' వచ్చింది. అంటే విశ్రాంతిగా ఉన్న కండరంలో ఉండేది 'బి'. అది 'ఎ'గా మారుతున్నది వడపోతలో. కాగితంతో ఎప్పుడూ 'ఎ' వస్తూనే ఉండడం వల్ల అంతవరకూ ఎవరికీ అనుమానం రాలేదు.

కాగితానికి అంటి ఉన్న కాల్షియమే కారణమని తేలింది. మార్పుకు ఏటీపీ అనే అణువు కూడా కావాలి. కాల్షియం రసంలోని మరో ఎంజైమ్‌ను, అంటే కైనేజ్‌ను, మేల్కొలుపుతుంది. అది ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసి ఫాస్ఫోరిలేజ్‌కు తగిలిస్తుంది. 800కు పైగా అమైనో ఆమ్లాలున్న గొలుసులో ఫాస్ఫేట్ అతికేది ఒక్క సెరీన్ మీదే. ఆ చిన్న గుంపుకున్న రుణావేశం చుట్టుపక్కల మడతలను కదిలిస్తుంది. ప్రోటీన్ ఆకారం మారి పని మొదలవుతుంది. ఫాస్ఫేట్‌ను ఊడదీసేది ఫాస్ఫటేజ్. 'ఎ'ను 'బి'గా మార్చే ఎంజైమ్‌ను కోరిలు ముందే చూశారు. అది తీసేస్తున్నది ఫాస్ఫేట్‌నని తర్వాత తెలిసింది. కండరం ముడుచుకోవడానికి సంకేతం కూడా కాల్షియమే కనుక, పని మొదలైన క్షణంలోనే ఇంధనమూ అందుతుంది.

1955లో ఈ ఫలితం అచ్చయింది. ఏఎంపీ ఎందుకన్న అసలు ప్రశ్నకు అప్పుడు జవాబు దొరకలేదు. దారిలో దొరికిన జవాబుకే 1992లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మనిషి జన్యువుల్లో 500కు పైగా కైనేజ్‌లకు చెందినవే. అలాంటి ఒక కైనేజ్ ఆగకుండా పనిచేయడం వల్ల వచ్చే ఒక రకం రక్త క్యాన్సర్‌కు, దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ 2001లో మందుగా వచ్చింది.