రాజ్యానికో ప్రేమకథ

మా మేనకోడలిది బెంగళూరులో ఉద్యోగం. స్నేహితురాళ్లతో కలిసి ఒక పందెం వేసుకుంది. ఏడాదిలో పన్నెండు చారిత్రక ప్రేమ నవలలు చదవాలి, ఏ రెండూ ఒకే కాలానివి కాకూడదు. జాబితా రాసుకుని, "మావయ్యా, ఒకసారి చూసిపెట్టవూ" అంటూ నాకు పంపింది. చూశాను. పన్నెండింటిలో ఏడు లండన్ కథలే. అవీ 1811 నుంచి 1820 దాకా, అంటే మూడో జార్జి మతి తప్పితే కొడుకు ప్రతినిధిగా రాజ్యమేలిన ఆ తొమ్మిదేళ్లవే. ఎక్కడ చూసినా గుర్రబ్బళ్లు, నాట్యశాలలు, పీకల దాకా అప్పుల్లో ఉన్న ప్రభువులు, చేతిలో చిల్లిగవ్వ లేని అందగత్తెలు.

"ఇవి ఏడు కాలాలు కాదే, ఒకే వీధిలో ఏడిళ్లు" అన్నాను.

"అయితే నువ్వే చెప్పు మరి" అంది.

పిల్ల తప్పేం లేదు. ఆ వీధికి పునాది వేసిన మేస్త్రమ్మ ఒకావిడ ఉంది, జార్జెట్ హేయర్. 1935లో 'రీజెన్సీ బక్' రాసి, టోపీ అంచు దగ్గర్నుంచి బండి చక్రం దాకా ఆ తొమ్మిదేళ్ల లండన్‌ను అచ్చుగుద్దినట్టు కట్టి చూపించింది. తర్వాత వచ్చినవాళ్లంతా ఆ వీధిలోనే ఇళ్లు కొనుక్కున్నారు. వాళ్లలో జూలియా క్విన్ ఒకరు. ఆమె 2000లో మొదలుపెట్టిన బ్రిడ్జర్టన్ కుటుంబం కథ 2020 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌కి ఎక్కింది. ఇక ఆ వీధిలో రద్దీ చెప్పక్కర్లేదు.

జాబితాలో నేను మొట్టమొదట కొట్టేసింది ఎవరి నవలో తెలిస్తే చాలామంది నా మీద పడతారు. జేన్ ఆస్టిన్ నవల! 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో అచ్చయింది. ఆవిడ రాసింది తన ఇరుగుపొరుగు గురించి. మనకు అది పాతకాలం, ఆవిడకి అది నిన్నామొన్నటి సంగతి. పాత నవల వేరు, చారిత్రక నవల వేరు. ఈ తేడా తెలియాలంటే వాల్టర్ స్కాట్ దగ్గరికి వెళ్లాలి. ఆయన 1814లో 'వేవర్లీ' రాస్తూ, ఇది అరవయ్యేళ్ల కిందటి ముచ్చట అని ఉపశీర్షికలోనే చెప్పుకున్నాడు. చూసినవాళ్లు ఒకరిద్దరు ఇంకా బతికుండగానే చూడనివాళ్ల కోసం రాయడమన్నమాట. ఆ కొలతే పెట్టుకుంటే అడవి బాపిరాజు 'నారాయణరావు' ఈ పందేనికి పనికిరాదు. 1934లో 'వేయిపడగలు'తో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి పంచుకున్న ఆ నవల తన కాలం కథే చెప్పింది. కానీ అదే బాపిరాజు రాసిన 'హిమబిందు' పనికొస్తుంది.

అందుకే కాగితం మీద రెండు గళ్లు గీయమన్నాను. ఒకదానిలో కథ ఎప్పుడు జరిగిందో, రెండోదానిలో కథ ఎప్పుడు రాశారో వేసుకోవాలి. మొదటి గడిలోనే కాదు, రెండో గడిలో కూడా తేడా రావాలి. లేకపోతే పన్నెండు రాజ్యాలు తిరిగినా ఒకే మనిషి కళ్లతో చూసినట్టవుతుంది.

'హిమబిందు' శాతవాహనుల కథ. ధాన్యకటకంలో కోట్లకు పడగలెత్తిన వర్తకుడు చారుగుప్తుడు, అతని కూతురు హిమబిందు, ఆమె మనసిచ్చిన శిల్పి కొడుకు సువర్ణశ్రీ. వీళ్ల మధ్యకి రాజకీయపుటెత్తుగా పెంచిన విషకన్య వస్తుంది. బాపిరాజు చిత్రకారుడు. రాజమండ్రి కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే శిష్యరికం చేసినవాడు. నగలూ చీరెలూ జడలూ వర్ణించడం మొదలుపెడితే కుంచె కింద పెట్టడు. తొందరగలవాళ్లు పేజీలు తిప్పేస్తారు. నేనూ తిప్పేసేవాణ్ని, పాతికేళ్ల వయసులో. తర్వాత ఆ ధాన్యకటకం ఉన్న అమరావతి శిల్పఫలకాల ముందు నిలబడినప్పుడు, ఈయన రాస్తున్నది ఊహ కాదు, ఆ రాళ్లలోని ఆడవాళ్ల మెడల్లో ఉన్నదే అని అర్థమైంది.

ఆయనదే ఇంకొకటి, 'అడవి శాంతిశ్రీ'. దీని కథ నవలలోకన్నా నవల బయట ఎక్కువుంది. పల్నాడు కొండల మధ్య కృష్ణ ఒడ్డున 1926లో నాగార్జునకొండ శిథిలాలు బయటపడ్డాయి. స్తూపాల దగ్గరి ఆయక స్తంభాల మీద ప్రాకృత శాసనాలు. ఫోగెల్ అనే డచ్చి పండితుడు వాటిని చదివి ప్రకటించాడు. అది మూడో శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. తమాషా ఏమిటంటే అక్కడ రాజులు అశ్వమేధాలు చేస్తుంటే, వాళ్ల ఆడపడుచులు బౌద్ధులకు చైత్యాలు కట్టించారు. దానాలిచ్చిన ఆ స్త్రీల పేర్లలో రాజు శాంతమూలుడి కూతురిదీ ఉంది. శాసనంలో ఆమె పేరు అడవి చాంతిసిరి.

ఇంటిపేరు 'అడవి' అయిన మనిషికి పదిహేడొందల ఏళ్ల కిందటి రాతి మీద తన ఇంటిపేరున్న రాకుమారి కనబడితే ఎలా ఉంటుంది? ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదుగాని, నవల మాత్రం రాశాడు. రాతి మీద ఆమె గురించి ఉన్నది తండ్రి పేరు, భర్త పదవి, చేసిన దానం. మిగతాదంతా, అంటే ఆ పిల్ల నవ్విందా, ఎవరినైనా తలుచుకుందా అన్నదంతా బాపిరాజు పూరించాడు. చారిత్రక ప్రేమ నవల చేసే పని ఇంతే. శాసనం దానం దగ్గర ఆగిపోతుంది, నవల అక్కడ మొదలవుతుంది.

1952లో బాపిరాజు పోయాడు. మూడేళ్లకి, 1955 డిసెంబరు 10న, నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు పురావస్తు శాఖ వాళ్లు తవ్వగలిగినంత తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికి తరలించి నిలబెట్టారు. బాపిరాజు శాంతిశ్రీని నడిపించిన వీధులు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి.

పదో శతాబ్ది చివరికీ పదకొండో శతాబ్దికీ కలిపి ఒక జంట చెప్పాను. ఒకటి కల్కి 'పొన్నియిన్ సెల్వన్', 1950 నుంచి 1954 దాకా ఆయన పత్రికలో తమిళంలో వారంవారం వచ్చింది. సినిమాగా రెండు భాగాలు చూసేశాం కాబట్టి కుందవైనీ వందియదేవుణ్నీ పరిచయం చేయక్కర్లేదు. రెండోది నోరి నరసింహశాస్త్రి 'నారాయణభట్టు'. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు, నన్నయ, ఆయనకి భారత రచనలో తోడు నిలిచిన నారాయణభట్టు. ఆ నారాయణభట్టుకి రాజు నందంపూడి అగ్రహారం ఇచ్చిన శాసనం ఉంది. రేపల్లెలో వకీలుగా ఉన్న నోరివారికి అలాంటి సాక్ష్యం లేకుండా అడుగు పడదు. దీన్ని ప్రేమ నవల అని బల్లగుద్ది చెప్పలేను, పిల్ల పందెంలో మార్కులు తగ్గినా తగ్గుతాయి. జంటగా ఎందుకు చదవాలంటే, ఇవి చుట్టరికం ఉన్న నవలలు. రాజరాజ చోళుడు తన కూతురికి అక్క పేరే, కుందవై అని పెట్టుకున్నాడు. ఆ కూతుర్ని వేంగి విమలాదిత్యుడికిచ్చి చేశాడు. వాళ్లబ్బాయే తాతగారి పేరు మోసిన మన రాజరాజనరేంద్రుడు. కావేరి ఒడ్డున వందియదేవుడు వెంటపడిన కుందవై, నన్నయతో భారతం రాయించిన రాజుగారి తల్లికి మేనత్త. ఒక నవల మూసి మరొకటి తెరిస్తే పెళ్లివారి వెంట తంజావూరు నుంచి గోదావరికి వచ్చినట్టుంటుంది.

కాకతీయుల దగ్గరకొచ్చేసరికి ఎంపిక కష్టమైంది. రుద్రమదేవి మీద నోరివారిదొకటి ఉంది, బాపిరాజుది 'గోన గన్నారెడ్డి' ఉంది. రెండూ ఒకే కాలానివి కనక ఒక్కటే తీసుకోవాలి. వకీలుగారికి నమస్కారం పెట్టి చిత్రకారుడి వైపు ఓటేశాను. కారణం ఆ మొదలు. ఆదవోని ప్రభువు కూతురు అన్నాంబిక పెళ్లి. పీటల మీద పెళ్లికూతురుండగా గజదొంగ గన్నారెడ్డి వచ్చి పెళ్లికొడుకుని ఎత్తుకుపోతాడు. అమ్మాయిని కాదు, అబ్బాయిని! ఈ తిరకాసుకే సగం మార్కులు వేయొచ్చు. ఆ పెళ్లికూతురు తర్వాత మగవేషం కట్టి కత్తి పడుతుంది, అటు మగవేషంలోనే పెరిగిన రుద్రమ మనసు నిడదవోలు చాళుక్య వీరభద్రుడి మీదికి పోతుంది. 2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసిన వేషమే గన్నారెడ్డి. మా పిల్లకి ఆయన అలాగే తెలుసు.

నవల అయ్యాక రెండు రాళ్లు కూడా చూడమన్నాను. ఒకటి రాయచూరు కోట గోడలో ఉంది. నలభై అడుగులు దాటిన ఏకశిల, దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. గోరె గన్నయరెడ్డి ఆజ్ఞతో విఠలుడు ఆ కోట కట్టించాడని చెబుతుంది. గజదొంగగా బాపిరాజు ఊహించిన మనిషి చరిత్రలో కోటలు కట్టించిన సామంతుడన్నమాట. రెండోది నల్లగొండ జిల్లా చందుపట్లలో ఉంది. 1289 నవంబరు నాటిది, రుద్రమ మరణం చెప్పేది ఆ చిన్న శాసనమే. సైన్యాధిపతి మల్లికార్జున నాయకుడితోపాటు ఆమె కూడా పోయిందని, ఆయన కింద పనిచేసిన భటుడొకడు ఆమె పుణ్యానికి చేసిన దానం గురించి చెప్పే నాలుగు ముక్కలు. ప్రేమ నవల అక్కడిదాకా వెళ్లదు. వెళ్లకపోవడం దాని హక్కు.

ఇక్కడే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. "చివర్లో కలిసిపోతారుగా?" అని ప్రతి నవలకీ అడగడం మొదలుపెట్టింది. అమెరికాలో అట్ట మీద ప్రేమ నవల అని వేస్తే కథ సుఖాంతం కావాలన్నది ఆనవాయితీ. పాఠకురాలు కొనేది ఆ హామీనే. మన దగ్గర అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. "అయితే 'ఏకవీర' చదువు" అన్నాను. కొంచెం కచ్చతోనే అన్నానని ఒప్పుకుంటాను.

1930 ప్రాంతంలో 'భారతి'లో వచ్చిన 'ఏకవీర' విశ్వనాథ సత్యనారాయణ చిన్న నవలల్లో ఒకటి. 'వేయిపడగలు' అనగానే పారిపోయేవాళ్లు కూడా దీన్ని రెండు పూటల్లో ముగిస్తారు. తెలుగు నాయకులు ఏలుతున్న మధుర, వైగై ఒడ్డు, పదిహేడో శతాబ్ది తొలినాళ్లు. రాబర్టు డి నొబిలీ అనే ఇటలీ పాదిరీ కాషాయం కట్టి తత్త్వబోధస్వామిగా ఆ ఊళ్లో తిరుగుతున్న రోజులు. కుట్టాన్, వీరభూపతి ప్రాణస్నేహితులు. ఒకడు ప్రేమించిన పిల్ల మరొకడికి భార్యగా వస్తుంది, అటుదీ ఇటుదీ కూడా. ఆ సంగతి వాళ్లకి తెలియదు. తెలిసిన పాఠకుడికి పేజీ పేజీకీ గుండె పట్టేస్తుంది. ఇందులో దుర్మార్గుడు లేడు, అందరూ మంచివాళ్లే, అందుకే దారి లేదు. 1969లో ఎన్టీ రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమునలతో సి.ఎస్. రావు దీన్ని సినిమా తీశాడు. పాటలు నిలిచాయి. నవల ముగింపు ఇక్కడ చెప్పను.

మిగతా నెలలు తేలిగ్గా నిండాయి. అక్బరు కాలానికి బంకించంద్రుడి 'దుర్గేశనందిని' ఇచ్చాను. 1865 నాటిది. అందులో నాయిక తిలోత్తమ అంటారుగాని, పఠాను నవాబు కూతురు అయేషా ముందు ఆమె వెలవెలబోతుంది. బందీగా ఉన్న శత్రువే తన ప్రాణేశ్వరుడని తనను కోరినవాడి ముఖానే చెప్పిన పిల్ల అది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి అచ్చువేసిన తొలి తెలుగు చారిత్రక నవలలు చాలావరకు బంకిం గాలి పీల్చినవే. వాటిలో ఒకటి వేయమని మా మేనకోడలు అడగలేదు, ఆ గ్రాంథికంతో ఆమెని కొట్టడం నాకూ ఇష్టం లేకపోయింది.

రెండో గడి నింపుతుంటే ఒకటి కంట్లో పడింది. ఇంగ్లిషు వైపు రాసినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తెలుగు వైపు నేను వేసినవాళ్లంతా మగవాళ్లు. 1960, 70ల్లో వారపత్రికలను ఏలిన మన రచయిత్రులు రాసింది తమ కాలపు ప్రేమల్ని, కార్లూ బంగళాలూ ఉన్నవాటిని. అడవి శాంతిశ్రీని ఒక స్త్రీ రాసి ఉంటే నగల వర్ణన తగ్గేదేమో, దానపత్రం వెనక గొడవ పెరిగేదేమో. ఇంగ్లిషు వైపూ ఒక వెలితి ఉంది, అది చూపించడానికే బెవర్లీ జెన్కిన్స్ 'నైట్ సాంగ్' చేర్చాను. లండన్ వీధిలోని ఇళ్లలో నల్లవాళ్లు కనబడటం అరుదు. ఈవిడ 1994లో రాసిన ఈ నవలలో, బానిసత్వం పోయిన తర్వాతి కాన్సాస్‌లో నల్లజాతి టీచరమ్మా, అశ్వికదళ సార్జెంటూ ప్రేమించుకుంటారు. అదొక కొత్త కాలమే. ఆ లండన్ నవలలు ఏడింట్లో హేయర్‌ది ఒక్కటి ఉంచి, ఆరు తీసేశాను.

పిల్ల అన్నీ వరసగా చదవలేదు. ముందు 'ఏకవీర' చదివి వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత బాపిరాజు పుస్తకం పట్టుకుని సంక్రాంతికి వచ్చింది. "శాంతిశ్రీ వాళ్ల ఊరు చూడొచ్చా?" అని అడిగింది. చూడలేం, నీళ్లలో ఉంది, కొండ పైభాగం మాత్రం ద్వీపంలా తేలింది, అక్కడ మ్యూజియం ఉంది, లాంచీలో వెళ్లాలన్నాను.

"లాంచీ ఎక్కడ ఎక్కాలి?"

డ్యాము కుడిగట్టున, విజయపురి సౌత్‌లో. టికెట్టు మీద ఊరి పేరు చూసి రెండోసారి చదువుకుంది.

లాంచీ బయల్దేరాక మా వెనక బెంచీలో ఎవరో పల్లీలు పంచుకుంటున్నారు. ఆమె రెయిలింగు పట్టుకుని వంగి కిందికి, పచ్చటి నీళ్లలోకి చూస్తూ ఉంది. పుస్తకం సంచిలోనే ఉంది, తీయలేదు.