ఊదొత్తి పొగ ఎటు పోయింది?

"ముందు ఊదొత్తి ముట్టించి లోపల పెట్టరా. పొగ ఎటు పోతుందో చూడు," అంది అవ్వ. నేను వినలేదు.

భోగికి ఇంకా రెండు రోజులుంది. మద్రాసు చింతాద్రిపేటలో మా ఇంటి వంటగది గోడ మీద అరచేతంతగా మొదలైన చెమ్మ మరక అప్పటికి చాపంత అయింది. రెండుసార్లు సిమెంటు పూయించాం. రెండుసార్లూ పెచ్చులూడింది. చివరికి ఓ ముసలి మేస్త్రీ వచ్చి గోడని వేలి కణుపులతో తట్టి, "లోపల బోలు" అన్నాడు అరవంలో.

బోలు కాదు, పొగగూడు. ఇంట్లోకి గ్యాస్ వచ్చిన ఏడు మా తాత కట్టెల పొయ్యికి అడ్డంగా ఇటుక పేర్పించేశాడట.

1734లో నేతగాళ్ల కోసం కూవం నది వంపులో వేసిన పేట ఇది. మా ఇల్లు అంత పాతదేం కాదు. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి, సున్నం దిమ్మిసా కొట్టిన మద్రాసు మిద్దె. ఒకప్పుడు ఈ ఊరి పొయ్యిల్లోకి సరుగుడు కట్టె నెల్లూరు వైపు నుంచి బకింగ్‌హాం కాలువ పడవల్లో వచ్చేది. అడితి దగ్గర తూకంలో జరిగే మోసాల గురించి అవ్వ ఇప్పటికీ గంటసేపు చెప్పగలదు.

మేస్త్రీ ఉలి పెట్టాడు. సిమెంటు పెళ్ల తనతోపాటు పాత ఇటుక చెక్కునీ పట్టుకుని ఊడింది. "సున్నం గోడకి సున్నమే పుయ్యాలి సారూ. సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోదు." ఆఖరి ఇటుక లాగగానే బుట్టెడు మసి జారింది. దాంతోపాటు ఎప్పటిదో పిచ్చుక గూడు, గడ్డి గడ్డిగానే ఉంది.

పండక్కి పాలు ఆ పాత పొయ్యి మీదే పొంగించాలని నా తొందర నాది. కొబ్బరిమట్ట ముట్టించాను. పొగ సగం దూరం ఎక్కి, ఆలోచించుకున్నట్టు ఆగి, తిరిగి నా మొహం మీదికే వచ్చింది. దగ్గుతూ నీళ్లు కుమ్మరించి, తలుపులన్నీ తెరిచాం. పొగకి కళ్లయినా మండుతాయి. దానితో కలిసి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు.

అప్పుడు వెలిగించాను ఊదొత్తి. పొగ గూట్లోకి పోనే లేదు.

మిద్దెక్కి చూస్తే, నీళ్ల ట్యాంకు పక్కన పొగగూడు నెత్తిన కడప బండ, చుట్టూ సిమెంటు. కిందా పైనా బిగించేసరికి లోపలి చెమ్మకి గోడే దిక్కయింది. బండ పూర్తిగా తీసేస్తే వాన పడుతుంది. అందుకని నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, జానెడు ఎత్తున మళ్లీ దాన్నే కూర్చోబెట్టాడు మేస్త్రీ.

మర్నాడు ముందు కాగితం మండించి గూడు లోపలి గాలిని వేడెక్కించాం. ఈసారి ఊదొత్తి పొగ సన్నని దారంలా వంగి లోపలికి పోయింది.

పాలగిన్నె పొయ్యి మీద పెట్టబోతుంటే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"అడుక్కి మట్టి పుయ్యలేదేంరా? ఆ మసంతా ఎవరు తోముతారు?"