వ్రాయసకాని చాకు

జేబులో చాకు ఉన్నదని చెప్పిన మనిషిని నేడు నలుగురూ అదోలా చూస్తారు. సినిమాలు, పత్రికలలోని నేరవార్తలు కలిసి ఆ మాటకు రౌడీ వాసన పట్టించినవి. కాని దక్షిణదేశములో మడతపెట్టే చిన్నకత్తి చరిత్రను వెదుకుతూ పోతే ఆ త్రోవ కోటల వైపు పోదు. తాళపత్ర గ్రంథముల పెట్టెల దగ్గరకు, కరణముగారి అరుగు మీదకు, కచేరీ గుమాస్తా బల్ల దగ్గరకు పోతుంది. చవకగా, నిత్యము వెంట ఉంచుకొనుటకు ఒక మడతచాకు కొనదలచినవారు ముందు ఈ కథ కొంత తెలిసికొంటే, అంగడిలో ఏమి చూడవలెనో తమంతట తామే గ్రహించగలరు.

పిఠాపురము నుండి మొదలుపెడతాను. పిఠాపురం సంస్థానము అనగానే మహారాజా శ్రీ రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు (1885–1964), వారి ఆస్థాన కవులు, శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు గుర్తుకు వస్తాయి. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో మద్రాసులో పుట్టి, తరువాత కాకినాడకు చేరిన ఆంధ్రసాహిత్య పరిషత్తును పోషించినది ఈ సంస్థానమే. నిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది. పరిషత్తు సేకరించిన తాళపత్ర గ్రంథములను కాకినాడలోని మ్యూజియములో నేటికీ చూడవచ్చును. నిఘంటువులో పదమునకు ప్రయోగము చూపుటకు పండితులు తడవిన కావ్యములలో ఎన్నో అచ్చుకు ముందు తాటాకు మీదనే బ్రతికినవి. కవిని తలచుకుంటాము, పోషించిన ప్రభువును తలచుకుంటాము. ఆకు కోసి, గీసి, కట్ట కట్టి మనదాకా తెచ్చిన వ్రాయసకానిని తలచుకొనేవారు తక్కువ. వాని చేతి కత్తిని తలచుకొనేవారు అసలే లేరు.

తాటాకు చెట్టు మీద నుండి దిగి పుస్తకము కాదు. లేత ముదురు కాని ఆకును ఎంచి, ఈనె తీసి, నీటిలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నునుపు తేలేదాకా రుద్దుతారు. ఆపైన అన్నీ ఒకే పొడవు, ఒకే వెడల్పు వచ్చేటట్లు అంచులు కోయవలెను. ఈ కోత వంకరైతే కట్ట సరిగా కూర్చోదు, బయటికి పొడుచుకొని వచ్చిన అంచు త్వరలో చిట్లుతుంది. త్రాడు దూర్చుటకు రంధ్రము వేయవలెను. గంటము మొన మొద్దుబారితే సాన పట్టవలెను. వ్రాసిన తరువాత మసి, ఆకుపసరు పూసి తుడిస్తే గాని గీత కంటికి కనబడదు. ఇన్ని పనులలో గంటము చేసేది ఒక్కటే, గీయడము. కోసే పని అంతా కత్తిదే.

అందుచేతనే దక్షిణదేశపు కమ్మరులు ఈ రెండింటినీ కలిపివేశారు. ఒకే పిడికి ఒక వైపు గంటము, రెండవ వైపు చిన్న అలుగు. రెండూ కీలు మీద తిరిగి పిడిలోనికి మడుచుకొనిపోతాయి. తమిళులు మడిచే గంటమునకు మడక్కెళుత్తాణి అని ప్రత్యేకముగా పేరే పెట్టుకున్నారు. మలబారు, కొడగు, సింహళ ప్రాంతముల గంటము కత్తులు ఇత్తడి, వెండి తాపడములతో మ్యూజియములలో కనబడతాయి. మడవడము దేనికి అంటే కారణము సులభమే. గంటము మొన సూదివంటిది. మొలలో దోపుకొని ఊరూరా తిరిగే మనిషికి మొన మడుచుకొనడము తన కడుపును కాపాడుకొనడమే. కత్తిని మడిచే బుద్ధి ప్రపంచములో మనకు ఒక్కరికే పుట్టినదని చెప్పను. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి మడతకత్తి సుమారు 2,500 ఏండ్ల నాటిది; రోమనులకూ అట్టి కత్తులు ఉండేవి. అయితే అక్కడ అది భోజనము వెంట నడిచినది, ఇక్కడ అక్షరము వెంట.

కాగితము వచ్చిన తరువాత కూడ కత్తికి పని తప్పలేదు, పెరిగినది. పారశీకము వ్రాసే మున్షీలు రెల్లు కలము వాడేవారు. రెల్లు మొనను ఏటవాలుగా కోసి, నడుమ చీలిక పెట్టవలెను. వ్రాసిన కొలది అది అరుగుతుంది, మరల కోయవలెను. ఈ పనికి వాడే చిన్నకత్తికి పారశీకములో కలంతరాష్ అని పేరు, అనగా కలము చెక్కేది. మన చాకు అనే మాట కూడ ఆ దారినే వచ్చినది. జేబుకత్తిని తుర్కులు చాకి అంటారు, పారసీకులు చాఖూ అంటారు, ఉర్దూ మీదుగా అది మనకు చాకు అయినది. కుంపిణీ దొరలు తెచ్చిన బాతుఈక కలమునకూ ఇదే అవస్థ. ఈకను చెక్కే కత్తి గనుక ఆంగ్లేయులు దానిని పెన్‌నైఫ్ అన్నారు. తెలుగు గంటము కత్తి, పారశీక కలంతరాష్, ఇంగ్లీషు పెన్‌నైఫ్, ఈ మూడు పేర్లలోనూ వ్రాత ఉన్నది, యుద్ధము లేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండ ముందుకు పోలేను. 1794లో బొంబాయి నుండి డాక్టరు హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు ఇక్కడి ఉక్కు దిమ్మలను లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్సునకు పంపినాడు. వూట్జ్ అని దాని పేరు వ్రాశారు. దక్షిణాది భాషలలోని ఉక్కు అనే మాటే దొరల నోట అట్లు తిరిగినదని పండితుల అభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ దానిని పరీక్షించి సొసైటీ ఎదుట వ్యాసము చదివినాడు. ఆ పరీక్షలలో భాగముగా, అధ్యక్షుని కోరిక మీద, జేమ్స్ స్టోడార్ట్ అనే లండను పనివాడు ఆ ఉక్కుతో ఒక వస్తువు చేసినాడు. ఖడ్గము కాదు, బాకు కాదు. కలము చెక్కే పెన్‌నైఫు!

ఆ పనితనము వివరము తెలిసికొనదగినది. వూట్జ్‌లో బొగ్గుపదార్థము చాల ఎక్కువ, నూటికి ఒకటిన్నర పాలు వరకు. అట్టి ఉక్కును మామూలు ఇనుమువలె తెల్లగా కాల్చి సమ్మెటతో కొడితే పిండివలె విరిగిపోతుంది. ఐరోపా కమ్మరులు అనేకులు అట్లే పాడుచేసి, సరుకు మంచిది కాదని నిందించారు. స్టోడార్ట్ మాత్రము చీకటిలో చూస్తే గాని ఎరుపు కనబడనంత తక్కువ వేడి మీద ఓపికగా సాగగొట్టినాడు. చల్లార్చిన తరువాత 450 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర, అనగా సుమారు 232 సెంటీగ్రేడు దగ్గర, పదును స్థిరపరచినాడు. శ్రమ ఎక్కువే అయినా, చాల పనులకు ఈ ఉక్కు తమ దేశములో వాడే ఏ ఉక్కు కంటెనూ మేలని అతడు తేల్చినాడు. తరువాత తన అంగడి చీటీ మీద తాను కత్తులు, క్షౌరపు కత్తులు, శస్త్రచికిత్స పనిముట్లు వూట్జ్‌తో చేస్తానని అచ్చు వేయించుకున్నాడు. మైకేల్ ఫారడే అతనితో కలిసి ఉక్కు మిశ్రమముల మీద పరిశోధనలు చేసి 1820లో ప్రకటించినాడు. విద్యుత్తుతో పేరు పొందకముందు ఫారడే మహాశయుడు మన ఉక్కు వెనుక పడ్డాడని చెబితే పిల్లలు నమ్మరు.

బొంబాయి నుండి పోయిన ఆ దిమ్మలను తెలుగువారివి అని చెప్పుకొనుట నా ఉద్దేశము కాదు. తెలుగునేల మీద ఆ విద్య ఎంత పండినదో చూడవలెనంటే నిజామాబాదు జిల్లా కోనసముద్రమునకు పోవలెను. అక్కడ మూసలలో ఇనుము కరగించి ఉక్కు చేసే తీరును హెన్రీ వాయ్‌సే చూచి వ్రాసినది 1832లో అచ్చయినది. రెండు తావుల ఇనుమును కలిపి, మట్టిమూసలో పెట్టి మూతవేసి, ఒక పగలు ఒక రాత్రి కొలిమిలో ఉంచి, మెల్లగా చల్లారనిచ్చేవారు. పారశీక వర్తకులు అంత దూరము నుండి వచ్చి దగ్గర కూర్చుని సరుకు కొనిపోయేవారు. ఆ కొలుములు చల్లారినవి. మిల్లులలో రాశులుగా తయారయ్యే చవక ఉక్కు ముందు, కొలిమికి కావలసిన బొగ్గు కరువులో, మూస ఉక్కు నిలువలేదు. నేడు మన ఊరి అంగడిలో మడతచాకు అడిగితే చాలసార్లు చైనా సరుకు చేతిలో పెడతారు. ఉక్కు అనే మాటను లోకమునకు ఇచ్చినవారము అలుగు మీద ముద్ర చదువలేక బేరమాడుతున్నాము.

మరల కలము దగ్గరకు వద్దాము. 1820 తరువాత బర్మింగ్‌హాములో ఉక్కు పాళీలు కుప్పలుగా తయారయినవి. పాళీని చెక్కనక్కరలేదు. పెన్‌నైఫ్ పేరు మిగిలినది, పని పోయినది. అప్పటికే షెఫీల్డు కమ్మరులు పిడి వెనుక స్ప్రింగు పెట్టి, అలుగు తెరచినప్పుడు నిలిచేటట్లు, మడిచినప్పుడు పడి ఉండేటట్లు చేసే విద్యలో ఆరితేరినారు. 1764 నాటి నక్షత్రము, మాల్టా శిలువ ముద్రగల జోసెఫ్ రాజర్స్ వారి చాకులకు తూర్పుదేశములలో గొప్ప పేరు. ఉద్యోగి జేబుగడియారము వలె అదీ ఒక హోదా. కరణములు మాత్రము చాలకాలము కవిలెకట్టలను, గంటమును వదలలేదు. కాగితపు లెక్కలు వచ్చిన తరువాత పెన్సిలు చెక్కుటకు చాకు పట్టారు. 1984లో కరణీకమే రద్దయినది. బడులలోనూ పెన్సిలు చెక్కే చాకు ఉపాధ్యాయుని బల్ల సొరుగులో ఉండేది. క్షౌరపు బ్లేడును సగముగా విరిచి వాడే అలవాటు దానిని తరిమినది, షార్పనరు ఆ బ్లేడును తరిమినది. పిల్లల వ్రేళ్ళకు ఎక్కువ గాట్లు పెట్టినది ఏదని నన్నడిగితే, ముప్పది ఏండ్ల అనుభవముతో, పిడిలేని ఆ సగము బ్లేడే అంటాను.

చాకు పరువు తీసినది రామ్‌పురి. ఉత్తరప్రదేశ్‌లోని రామ్‌పూర్ నవాబుల ఊరు. అక్కడి పనివారి నైపుణ్యము గొప్పది. హిందీ సినిమాలు దానిని దుష్టపాత్ర చేతిలో పెట్టినవి. 1965 నాటి వక్త్ చిత్రములో రాజ్‌కుమార్ చేతిలోని చాకు అందులో ప్రసిద్ధము. ఆంక్షలు వచ్చి ఆ వృత్తి కృశించిన తరువాత, 2023లో ఆ ఊరివారు కూడలిలో సుమారు 6 మీటర్ల చాకు బొమ్మ నిలబెట్టుకున్నారు. చేసేవారు పోయిన తరువాత విగ్రహము పెట్టడము మనకు కొత్త కాదు.

ఇక కొనడము సంగతి. చట్టము ముందు. 1959 ఆయుధ చట్టము క్రింద చేసిన నియమములు 9 అంగుళముల కంటె పొడవు, లేదా 2 అంగుళముల కంటె వెడల్పుగల అలుగును ఆయుధముల పట్టికలో చేర్చినవి. ఇంటి పనికి, వ్యవసాయమునకు చేసినవాటిని మినహాయించినవి. ఢిల్లీలో 1980 నాటి ఉత్తరువు ఇంకా కఠినము: మీట నొక్కితే తెరచుకొనే కత్తి అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే తప్పే. కాబట్టి మీట చాకు జోలికి పోవద్దు. గోటితో తెరచేది, అలుగు 7 సెంటీమీటర్లకు మించనిది చాలును. పండు కోయుటకు, పార్సిలు పురి తెంచుటకు, పెన్సిలు చెక్కుటకు అంతకుమించి అక్కరలేదు. విమానము ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉంచరాదు.

రెండవది ఉక్కు. ఉప్పాడ సముద్రము దగ్గర ఉన్న మా వంటివారికి ఉప్పుగాలి పెద్ద శత్రువు. మామూలు కర్బనపు ఉక్కు చక్కని వాదర నిలుపుతుంది గాని, ఒక్క మామిడికాయ కోసి తుడవక పెడితే తెల్లవారేసరికి నల్లబడుతుంది. తుప్పుపట్టని రకము కొంచెము మెత్తనయినా సానరాయి మీద నాలుగు సార్లు లాగితే దారికి వస్తుంది. స్విస్ సైనికుల చాకు అట్టిదే. కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యమునకు అందించినాడు, 1897లో అధికారుల చాకుకు హక్కు పొందినాడు. ఫ్రాన్సులో 1890లో పుట్టిన ఒపినెల్ దానికంటె సాదా. కొయ్యపిడి, ఒక అలుగు, 1955 నుండి అలుగును బిగించే ఒక ఉంగరము, అంతే. కర్షకుల కోసము పుట్టినది గనుక ధర కూడ అందుబాటులోనిదే. మా ప్రాంతమునకు దానిలో ఒక చిక్కున్నది. వానకాలములో కొయ్య ఉబ్బి అలుగు బయటికి రానని మొరాయిస్తుంది.

మూడవది కీలు. చవక చాకుల గుట్టు అంతా ఇక్కడే బయటపడుతుంది. అలుగు తెరచి, రెండు వ్రేళ్ళతో మొనను పట్టి ప్రక్కకు కదిపి చూడండి. కదిలితే ధర ఎంత తక్కువయినా తిరిగి ఇచ్చివేయండి. మడిచినప్పుడు మొన పిడిలో పూర్తిగా దాగినదో లేదో వ్రేలితో తడవండి. వెనుక స్ప్రింగు వదులుగా ఉంటే పని మధ్యలో అలుగు వ్రేళ్ళ మీదకు మడుచుకుంటుంది. పది ఉపకరణములు ఒకే పిడిలో ఇరికించిన చవక సరుకులో ఏ ఒక్కటీ సరిగా నిలువదు. ఆ ధరకే ఒక్క అలుగుగల గట్టి చాకు వస్తుంది. కొన్న తరువాత కీలులో కొబ్బరినూనె వేయకండి, అది జిగట పట్టి దుమ్మును పిలుస్తుంది. వానకాలములో నెలకొకసారి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, నాలుగుసార్లు తెరచి మూసి, మిగిలినది గుడ్డతో తుడిచివేయండి.