వార్ధక్యము – మనోవ్యాధులు

అరువదేండ్లు దాటినవారు చెప్పిన మాటనే మరల చెప్పినను, పెట్టిన వస్తువు ఎచ్చట పెట్టిరో మరచినను, కారణము లేక కంట తడి పెట్టినను, మనవారు 'అరులుమరులు' అను ఒక్క మాటతో సరిపెట్టుదురు. ఆ మాటలో కొంత జాలి కలదు, కొంత పరిహాసమును కలదు. వైద్యుని పిలువవలెనను తలంపు మాత్రము లేదు. పండుటాకునకు మందేమి యని దాని భావము. ఈ అభిప్రాయము తెలుగువారికే పరిమితమైనది కాదు. ఇరువదవ శతాబ్ది మధ్యకాలము వరకు ఐరోపా వైద్యులలో పెక్కురు ఇంచుమించుగ ఇట్లే తలచుచుండిరి. వయస్సుపై మోపిన నేరములన్నియు వయస్సువి కావని, వృద్ధుల మనోవ్యాధులలో కుదురునవియు కుదురనివియు వేరువేరుగ కలవని లెక్కలతో నిరూపించిన వైద్యులలో అగ్రగణ్యుడు సర్ మార్టిన్ రాత్.

ఆయన కృషి విలువ తెలియుటకు కొంత పూర్వచరిత్ర అవసరము. 1901లో జర్మనీ దేశమునందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక వైద్యాలయమున 51 ఏండ్ల స్త్రీ ఒకతె చేర్పబడెను. ఆమెకు జ్ఞాపకశక్తి క్షీణించెను. భర్తపై అకారణమైన అనుమానము పుట్టెను. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జ్‌హైమర్. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, నాడీకణముల లోపల చిక్కుపడిన పోగులను, కణముల నడుమ మచ్చలవలె పేరుకొనిన పదార్థమును చూచెను. 1910లో క్రెపెలిన్ అను ప్రసిద్ధ మానసిక వైద్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జ్‌హైమర్ పేరు పెట్టెను.

అయితే ఒక చిక్కు కలిగెను. ఆ రోగి వృద్ధురాలు కాదు. కావున ఇది నడివయస్సున అరుదుగ వచ్చు వ్యాధి యని అందరును భావించిరి. డెబ్బది యేండ్లవానికి అవే లక్షణములు కనబడినచో దానిని వ్యాధి యనక, వార్ధక్య మతిభ్రంశ మనిరి. రోగి వయస్సును బట్టి రోగము పేరు మారెను. ఏబదియేండ్ల వానిది వ్యాధి; డెబ్బదియేండ్ల వానిది విధి!

ఈ భావముయొక్క ఫలితమును వైద్యాలయములే అనుభవించెను. 1948లో జాతీయ ఆరోగ్య వ్యవస్థ ఏర్పడునాటికి ఇంగ్లండు దేశపు మానసిక వైద్యాలయములలో వృద్ధుల సంఖ్య పెరుగుచుండెను. వారిని తుదిదాక అచ్చటనే ఉండవలసినవారినిగ చూచు అలవాటు బలపడి యుండెను. తిరిగి ఇంటికి పోగలవారెవరో, పోలేనివారెవరో తెలిసికొను మార్గము స్పష్టముగ లేదు.

మార్టిన్ రాత్ 1917లో హంగేరీ రాజధాని యగు బుడాపెస్ట్‌లో జన్మించెను. బాల్యముననే ఇంగ్లండునకు వచ్చి, లండనులో వైద్యవిద్య నభ్యసించెను. స్కాట్లండునందలి డంఫ్రీస్ పట్టణమున, నాజీల పాలన నుండి తప్పించుకొని వచ్చిన మేయర్-గ్రాస్ అను జర్మను వైద్యునికడ పనిచేసెను. వీరిరువురును ఎలియట్ స్లేటరుతో కలిసి 1954లో ప్రకటించిన మానసిక వైద్యగ్రంథము చిరకాలము విద్యార్థులకు ప్రమాణముగ నుండెను. పిమ్మట రాత్ దక్షిణ ఇంగ్లండులో చిచెస్టరు సమీపమునందలి గ్రేలింగ్‌వెల్ వైద్యాలయమున పరిశోధన సాగించెను.

ఆయన వేసికొనిన ప్రశ్న మిక్కిలి సులభమైనది. వైద్యాలయమున చేరిన వృద్ధులు ఆరు నెలల తరువాత ఏమైరి? రెండేండ్ల తరువాత ఏమైరి? అరువదేండ్లు దాటిన సుమారు 450 మంది రోగులను, చేరినప్పటి లక్షణములను బట్టి అయిదు వర్గములుగ విభజించి, ఒక్కొక్క వర్గమువారి గతిని వేరువేరుగ లెక్కించెను. అందరిదియు ఒకే రోగమైనచో అన్ని వర్గముల గతియు ఒక్కటిగ నుండవలెను గదా! ఈ పరిశోధన ఫలితములు 1955లో వెలువడెను.

మొదటిది విషాదరోగుల వర్గము. దుఃఖము, నిరాశ, నిద్రలేమి, తాను పాపి యను భావన వీరి లక్షణములు. అరుదుగ అమితోత్సాహమును కలుగును. రెండవది ముదిమియందు క్రొత్తగ పుట్టు అనుమానరోగము. పొరుగువారు తనకు విషము పెట్టుచున్నారనియు, గోడవెనుక తనను గూర్చి గుసగుసలాడుచున్నారనియు రోగి నమ్మును. మూడవది మెదడునకు రక్తము గొనిపోవు నాళములు చెడుటచే వచ్చునది. ఇది మెట్లు దిగినట్లు, ఒక్కొక్క దెబ్బకు కొంత కొంతగ హెచ్చును. నాలుగవది జ్ఞాపకమును వివేకమును క్రమక్రమముగ నశించు వార్ధక్య మతిభ్రంశము. అయిదవది హఠాత్తుగ కలుగు కలవరము. జ్వరము, ఊపిరితిత్తుల వాపు, గుండె జబ్బు, మందులు వికటించుట మొదలగునవి దీనికి మూలము.

వీరి గతులు ఎంత భిన్నముగ నుండెనో చూడుడు. నాలుగవ వర్గమువారిలో రెండేండ్లు గడచునప్పటికి ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురు మరణించిరి. విషాదరోగులలో సగముకంటె ఎక్కువమంది ఆరు నెలలలోపలనే ఇంటికి పోయిరి. అనుమానరోగులు చిరకాలము జీవించిరి, కాని పెక్కురు వైద్యాలయముననే యుండిరి. హఠాత్తుగ కలవరపడినవారు శరీరవ్యాధి తీవ్రమైనచో మరణించిరి, లేనిచో త్వరలో కోలుకొనిరి. రక్తనాళములు చెడినవారి గతి మధ్యస్థముగ నుండెను. ఒకే గదిలో, ఒకే వరుస మంచములపై పరుండిన ఈ అయిదు విధములవారికి అంతవరకు లోకము పెట్టిన పేరు ఒక్కటే!

ఇది కేవలము వర్గీకరణకు సంబంధించిన పండితచర్చ కాదు. విషాదగ్రస్తుడైన వృద్ధుడు తరచుగ 'నాకేమియు జ్ఞాపకము లేదు' అనును. ప్రశ్నకు ఆలస్యముగ బదులు చెప్పును. భోజనమును, స్నానమును మానును. చూచువారికి మతిభ్రంశమువలెనే తోచును. కాని విషాదమునకు చికిత్స కలదు. 1938లో రోము నగరమున ఆరంభమైన విద్యుచ్చికిత్స అప్పటికే వాడుకలో నుండెను. 1950 దశాబ్ది చివర విషాదమును తగ్గించు మందులును వచ్చెను. కావున పేరు తప్పు పెట్టినచో, బాగుపడగల మనుష్యుడు బాగుపడకయే పోవును. రాత్ లెక్కలయందు దాగియున్న విషయమిదియే.

1956లో రాత్ న్యూకాసిల్ నగరమున ఆచార్యపదవిని స్వీకరించెను. అచ్చట కే, బీమిష్ అను సహచరులతో కలిసి, వైద్యాలయమునకు రాని వృద్ధులను వారి యిండ్లకే పోయి పరీక్షించెను. 1964లో ప్రకటితమైన ఆ పరిశీలన ప్రకారము, అరువదియైదేండ్లు దాటినవారిలో నూటికి సుమారు పదిమందికి మెదడు క్షీణించిన లక్షణములు కలవు. వారిలో అత్యధికులు తమ యిండ్లయందే యుండిరి. అనగా వారి భారమును మోయుచున్నది వైద్యాలయములు గాక, భార్యలు, భర్తలు, కుమార్తెలు అని తేలెను.

పిదప మెదడును గూర్చిన ప్రశ్న వచ్చెను. ఆల్జ్‌హైమర్ చూచిన మచ్చలు మతిభ్రంశమునకు కారణమా, లేక నెరసిన వెండ్రుకలవలె వయస్సుయొక్క గుర్తులా? రాత్, టామ్లిన్‌సన్, బ్లెస్డ్ అను మువ్వురు దీనిని కొలతలతో పరీక్షించిరి. వృద్ధుడు బ్రతికియుండగనే అతని బంధువుల నడిగిరి: ఇంటిపనులు చేసికొనగలడా? కొద్దిపాటి సొమ్మును లెక్కచూచుకొనగలడా? తెలిసిన వీధులలో దారి తప్పకుండ తిరుగగలడా? తనంతట బట్టలు కట్టుకొనగలడా? రోగిని ఇరువదినుండి ఒకటివరకు వెనుకకు లెక్కింపు మనిరి. నెలల పేర్లు చివరనుండి చెప్పు మనిరి. వీని ఫలితములను అంకెలుగ వ్రాసియుంచిరి. మరణానంతరము మెదడునందలి మచ్చలను లెక్కించి, ఈ రెండు అంకెలను సరిపోల్చిరి. మచ్చలు హెచ్చినకొలది బ్రతికియున్నప్పటి బుద్ధిక్షీణతయు హెచ్చుగ నుండెను. విషాదరోగుల మెదళ్ళలో మచ్చలు స్వల్పముగ నుండెను. ఈ ఫలితములు 1968లో ప్రకటితమయ్యెను.

దీనితో వయస్సును బట్టి గీచిన గీత చెదరసాగెను. డెబ్బదియేండ్ల వానికిని ఏబదియేండ్ల వానికిని వచ్చునది ఒకటే వ్యాధి యని, అది అరుదైనది కాక మిక్కిలి విస్తారమైనదని 1976లో అమెరికా దేశపు నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ గట్టిగ వాదించెను. రాత్ పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చటి శాస్త్రజ్ఞులతో కలిసి చేసిన కృషివలన, నాడీకణములలోని పోగుల చిక్కులయందు 'టౌ' అను మాంసకృత్తు కలదని 1988లో తెలియవచ్చెను. ఆయన 2006లో మరణించెను.

తరువాతి పరిశోధనలు ఆయన చిత్రమును కొంత సవరించినవి. మచ్చలకంటె పోగుల చిక్కులును, నాడీకణముల నడుమ సంబంధములు తెగుటయు బుద్ధిక్షీణతకు మరింత సన్నిహితములని తేలెను. మెదడులో మచ్చలుండియు తుదివరకు చురుకుగ నున్న వృద్ధులు కనబడిరి. రక్తనాళ వ్యాధియు ఆల్జ్‌హైమర్ వ్యాధియు ఒకే మెదడులో కలిసియుండుట సామాన్యము. ముదిమియందలి విషాదము కొందరిలో రాబోవు మతిభ్రంశమునకు ముందు సూచన కావచ్చును. సరిహద్దులు రాత్ గీచినంత తిన్ననివి కావు. కాని సరిహద్దులు కలవను మూలసూత్రము మాత్రము నిలిచెను.

మన దేశమునకు ఈ విషయము దూరమైనది కాదు. దేశవ్యాప్త పరిశీలన ఆధారముగ 2023లో ప్రకటితమైన అంచనా ప్రకారము, భారతదేశమున అరువదేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, మతిభ్రంశముతో బాధపడుచున్నారు. ఆ వ్యాధిని పూర్తిగ కుదుర్చు మందు ఇంకను లేదు. అయితే మతి తప్పినట్లు కనబడు వృద్ధులందరిదియు ఆ వ్యాధియే కాదు. థైరాయిడ్ గ్రంథి మందగించుట, బి12 విటమిను కొరవడుట, విషాదము, మందుల వికటింపు మున్నగునవియు ఆ రూపమున కనబడగలవు. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు.

కావున ఇంటిలోని పెద్దల తీరు మారినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న 'వయస్సెంత?' అనునది కాదు, 'ఎన్నాళ్ళనుండి?' అనునది. రెండు మూడు దినములలో హఠాత్తుగ వచ్చిన కలవరము శరీరవ్యాధికి గుర్తు. వెంటనే వైద్యుని చూడవలెను. కొన్ని వారములుగ దుఃఖముతో, నిద్రలేమితో కలిసి వచ్చిన మరపు విషాదము కావచ్చును. ఏండ్ల తరబడి మెల్లమెల్లగ వచ్చినది మతిభ్రంశము కావచ్చును. అప్పుడైనను రోగికి ఆదరము, సేవచేయువారికి విశ్రాంతి అవసరము. ఏది ఏదియో నిర్ణయించుట వైద్యుని పని. ఎన్నడు మొదలైనదో గమనించి ఆయనకు చెప్పుట ఇంటివారి పని. 'అరులుమరులు' అను మాటతో ఊరకుండినచో ఈ రెండు పనులును ఆగిపోవును.