లోపం ఇల్లు దాటిన కథ

ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, గీజరు, గేటు దగ్గరి కెమెరా అన్నిటినీ ఒకచోట నుంచి నడిపే చిన్న పెట్టెను మా పనిలో హబ్ అంటాం. విజయవాడలో ఇళ్లకు వైరింగు, నెట్‌వర్కు పనులు చేసే నాకు ఈమధ్య ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఒకటే: ‘హబ్ దొరకట్లేదండీ, యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది’. పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఇక్కడ ఉన్న ఇళ్ల విషయంలో ఆ ఫోన్ డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వస్తుంది. అమ్మ వరండా లైటు వేసిందో లేదో అక్కడినుంచి చూసుకుని నిద్రపోయే కొడుకులు వాళ్లు. వాళ్ల కంగారు నాకు చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించలేదు. ఈ పెట్టెలు ఎందుకు పలకకుండా పోతాయో మొదటినుంచీ తెలుసుకోవాలని పాత సంగతులన్నీ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒకటి తేటపడింది. ఇంటి పరికరాలకు తెలివి పెరుగుతూ వచ్చిన ఈ యాభై అరవై ఏళ్లలో, వాటి లోపం మెల్లమెల్లగా గోడలు దాటి, బాగుచేసేవాడి చెయ్యి అందని చోటికి వెళ్లిపోయింది.

మొదట్లో లోపమూ, దాన్ని పట్టుకునేవాడూ ఒకే కప్పు కింద ఉండేవారు. 1966లో పిట్స్‌బర్గ్‌లో వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు జిమ్ సదర్లాండ్ మిగిలిపోయిన విడిభాగాలు పోగుచేసి, ఎకో 4 అనే కంప్యూటరును సొంత ఇంట్లోనే కట్టాడు. బరువు 800 పౌండ్లు, అంటే దాదాపు 360 కిలోలు. ఇంట్లోని గడియారాలు దాని అదుపులో నడిచేవి. అది అమ్మకానికి రాలేదు. చెడిపోతే చూడాల్సింది ఆయనే.

అసలు కథ 1975లో స్కాట్లండ్‌లోని గ్లెన్‌రాథెస్‌లో మొదలైంది. అక్కడి పికో ఎలక్ట్రానిక్స్ వాళ్లు తమ పదో ప్రయోగానికి ఎక్స్10 అని పేరు పెట్టారు. గోడలు పగలగొట్టక్కర్లేదు, కొత్త తీగ లాగక్కర్లేదు. ఉన్న కరెంటు తీగల మీదే ఆజ్ఞ ప్రయాణిస్తుంది. ఏసీ కరెంటు సున్నాను దాటే క్షణంలో, ఒక్క మిల్లీసెకండు పాటు 120 కిలోహెర్ట్జ్ సంకేతం పంపుతారు. ఇంటికి ఏ నుంచి పీ వరకు ఒక అక్షరం, పరికరానికి 1 నుంచి 16 వరకు ఒక అంకె, మొత్తం 256 చిరునామాలు. స్క్రూడ్రైవరుతో రెండు చిన్న చక్రాలు తిప్పితే చిరునామా ఖాయమైనట్టే. 1978 నుంచి అమెరికాలో రేడియోషాక్, సియర్స్ దుకాణాల్లో ఇవి దొరికాయి.

ఎక్స్10 చాలా మొరాయించేది. ఆజ్ఞ వెళ్లేదే తప్ప ‘అందింది’ అన్న జవాబు తిరిగొచ్చేది కాదు. అమెరికా ఇళ్లలో కరెంటు రెండు పాయలుగా వస్తుంది. ఒక పాయ మీద పంపిన సంకేతం రెండో పాయకు చేరాలంటే వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు దాకా వెళ్లి రావాలి, వచ్చేసరికి నీరసించిపోతుంది. అందుకని సగం ఇల్లు మాట వినేది, సగం వినేది కాదు. అలాంటి ఇళ్లలో ఒక వింత కనిపించేది: వంటింట్లో ఎలక్ట్రిక్ పొయ్యి వేస్తే పడకగదిలో లైటు మాట వినేది! ఆ పొయ్యి రెండు పాయల మీదా కలిపి 240 వోల్టులతో పనిచేస్తుంది. అది వెలిగినంతసేపు సంకేతానికి వంతెన దొరికినట్టే. ఆ కిటుకు అర్థమైన ఎలక్ట్రీషియన్లు మీటరు పక్కన పెట్టెలో రెండు పాయల మధ్య ఒక కెపాసిటరు బిగించి శాశ్వతంగా దారి కట్టారు. తర్వాత కొత్తరకం టీవీలు, కంప్యూటర్లు వచ్చి వాటి పవర్ సప్లైలు సంకేతాన్ని మింగేయడం మొదలుపెడితే, ఒక్కొక్క ప్లగ్గూ పీకి చూసి దొంగను పట్టుకునేవారు. పక్కింటివాళ్లూ అదే అక్షరం పెట్టుకుంటే వాళ్ల మీటకు మన లైటు వెలిగేది. ఈ లోపాల జాబితా నాకు చాలా ఇష్టం. ఓపిక ఉన్న మనిషి స్క్రూడ్రైవరు పట్టుకుని ఇల్లంతా తిరిగితే దొరకనిది అందులో ఒక్కటీ లేదు.

పరికరాలు నెట్‌వర్కుల మీదికి వచ్చాక వెతికే పద్ధతి మారింది. ఎదుటి యంత్రం అందలేదని చెప్పే సందేశాన్ని 1981లో జాన్ పోస్టెల్ రాసిన ఇంటర్నెట్ ప్రమాణంలోనే పొందుపరిచారు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేసే మైక్ మ్యూస్ అదే ప్రమాణంలోని పిలుపు–ప్రతిధ్వని సందేశాలతో పింగ్ అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. జలాంతర్గామి సోనార్ చప్పుడు నుంచి ఆ పేరు తీసుకున్నాడు. ఆయన చెప్పిన ఒక ముచ్చట నాకు ప్రాణం. ఒక నెట్‌వర్కు నిర్వాహకుడికి ఎక్కడో కేబుల్ వదులై, కనెక్షను వస్తూ పోతూ ఉండేదట. జవాబు వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు ‘పింగ్’ అని స్టీరియోలో అరిచేలా చేసి, శబ్దం గట్టిగా పెట్టి, భవనమంతా తిరుగుతూ ఒక్కో కనెక్టరూ కదిపాడు. ఏది కదిపితే అరుపు ఆగిందో లోపం అక్కడే. మ్యూస్ 2000లో కారు ప్రమాదంలో పోయాడు. ఆయన రాసిన ఆ ప్రోగ్రాము ఈరోజుకీ నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట తీసే పనిముట్టు.

మన ఊళ్ల లోపానికి మన ముద్ర ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునేలోపు రౌటరు, హబ్ రెండూ ఆరి మళ్లీ వెలుగుతాయి. కొన్నిసార్లు హబ్ ముందు లేచి చిరునామా అడుగుతుంది. ఇవ్వాల్సిన రౌటరు ఇంకా లేవలేదు. అడిగి అడిగి, హబ్ తనకు తానే 169.254తో మొదలయ్యే ఒక నంబరు పెట్టుకుంటుంది. ఆ నంబరు కనపడితే నాకు ధైర్యం, పెట్టె బతికే ఉందన్నమాట. రౌటరు పూర్తిగా లేచాక హబ్‌ను ఒకసారి ఆపి వేస్తే చాలు. ఇంకోసారి రౌటరు కొత్త చిరునామా ఇచ్చి ఉంటుంది, ఫోన్ పాతదాన్నే పట్టుకుని వెతుకుతూ ఉంటుంది. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉంటే ‘.లోకల్’ పేరుతో పిలిచినా పలకదు, ఆ పేర్లు ఒకే నెట్‌వర్కులోనే చెల్లుతాయి. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు మీద నడిచే హబ్‌లకైతే మాటిమాటికీ కరెంటు పోవడమే శత్రువు, రాస్తుండగా ఆగిపోయిన మెమరీ కార్డు చెడిపోతుంది. ఇవన్నీ ఇంకా ఇంటి లోపలి లోపాలే. ఒక్క గంటలో తేలిపోతాయి.

ఇల్లు దాటిన లోపం వేరు. అమెరికాలో బౌల్డర్ ఊరి రివాల్వ్ కంపెనీ 300 డాలర్ల హబ్‌ను జీవితకాల సేవ ఉంటుందని చెప్పి అమ్మింది. 2014లో ఆ కంపెనీని నెస్ట్ అనే మరో కంపెనీ కొనేసింది. హబ్‌ను నడిపించే సర్వర్లను 2016 మే 15న ఆపేసింది. కొన్నవాళ్ల ఇంట్లో పెట్టె ఉంది, కరెంటు ఉంది, చిన్న నలత కూడా లేదు. అయినా పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందుమాట లేకుండా ఆరిపోయాయి. ఇన్‌స్టియాన్ 2005లో వచ్చిన, ఎక్స్10కు వారసుడనదగ్గ పద్ధతి. కరెంటు తీగల మీదా, రేడియోలోనూ మాట్లాడుతుంది, ఎక్స్10 ఇవ్వలేని ‘అందింది’ అన్న జవాబూ ఇస్తుంది. గోడమీది స్విచ్చులు పనిచేస్తూనే ఉన్నాయి, యాప్ మాత్రం చచ్చిపోయింది. హబ్‌ను రీసెట్ చేయకుండా ఉంచుకున్నవాళ్లు అదృష్టవంతులు. దాన్ని హోమ్ అసిస్టెంట్ ద్వారా ఇంట్లోనుంచే నడుపుకోగలిగారు. పౌలస్ స్కౌట్‌సెన్ అనే డచ్చి ప్రోగ్రామరు 2013లో పొద్దుగూకగానే లైట్లు వెలగాలని రాసుకున్న చిన్న స్క్రిప్టు నుంచి పెరిగిన ప్రోగ్రామది. దిక్కులేకుండా పోయిన ఇన్‌స్టియాన్‌ను, 2022 జూన్‌లో, దాన్ని వాడేవాళ్లే కొందరు చేరి కొన్నారు.

అందుకే మా విజయవాడ పటమటలో ఒక పెద్దావిడ ఫోన్‌లో ‘బాబూ, మా వాడు వెనక రీసెట్ నొక్కమంటున్నాడు, నొక్కనా?’ అని అడిగితే ‘వద్దమ్మా, వద్దు. ముందు తీగ గుచ్చిన చోట పచ్చలైటు మినుకుమంటోందా చూడండి’ అంటాను. రీసెట్ చేస్తే ఇంట్లో ఉన్న జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. మళ్లీ నేర్పడానికి అవతల కంపెనీ ఉంటుందన్న హామీ లేదు.

ఇప్పుడు కొత్తగా పని ఒప్పుకున్న ఇంట్లో నాకు కొన్ని పట్టుదలలు ఉన్నాయి. గోడమీది స్విచ్చు హబ్ లేకుండా పనిచేయాలి. రౌటరులో హబ్‌కు చిరునామా ఖాయం చేస్తాను, దాన్ని ఎమ్‌సీబీ పెట్టె తలుపు లోపలివైపు మార్కరుతో రాస్తాను. ఇంటర్నెట్ తీగ పీకేసి యజమాని ముందే లైట్లు వేసి చూపిస్తాను. వెలగకపోతే ఆ హబ్‌ను వెనక్కి పంపమంటాను, ఎంత ఖరీదైనదైనా సరే. డల్లాస్ అబ్బాయిలు మొదట విసుక్కుంటారు, ‘ఇంత చాదస్తం ఎందుకండీ’ అని. వాళ్లకు రివాల్వ్ కథ మొత్తం చెప్పి, తీగ పీకేసిన ఇంట్లో అమ్మ వరండా లైటు వేస్తున్న వీడియో పంపుతాను. ఆ తర్వాత ఇంకే హబ్ కొనాలన్నా ముందు నన్నే అడుగుతున్నారు.