ఆర్థర్ క్లార్క్ విజ్ఞాన కథలు

విజ్ఞాన కల్పనా సాహిత్యమనిన మనలో పెక్కుమందికి చులకన భావము కలదు. అది పిల్లల కాలక్షేపమనియు, రైలు ప్రయాణములో చదివి పారవేయదగిన సరకనియు తలచు పెద్దలు నేటికిని లేకపోలేదు. నిజమునకు కల్పన మనకు క్రొత్తది కాదు. పుష్పక విమానమును, మయసభను, విశ్వామిత్రుడు నిర్మించిన త్రిశంకు స్వర్గమును విని పెరిగిన జాతి మనది. కాని ఆ కల్పనలకు తపస్సు, వరము, మంత్రము ఆధారములు. గణితమును ఆధారముగా గైకొని, ప్రకృతి నియమములను జవదాటక అల్లిన కల్పన ఎట్టిదో, దానివలన లోకమునకు ఒనగూడునదేమో తెలియవలెనన్న ఆర్థర్ సి. క్లార్క్ రచనలను చదువవలెను. అందునను రేడియో వినువారికి ఈ రచయిత పరాయివాడు కాడు. ఆయన మొదట మన వృత్తికి చెందినవాడు, పిమ్మటనే కథకుడు.

క్లార్క్ 1917 డిసెంబరు 16వ తేదీన ఇంగ్లండులో సోమర్సెట్ ప్రాంతమునందలి మైన్‌హెడ్ అను సముద్రతీర పట్టణమున జన్మించెను. తల్లియు తండ్రియు తంతి తపాలా శాఖలో పనిచేసినవారే. పిదప వ్యవసాయమునకు దిగిరి. 1931లో తండ్రి మరణించుటతో సంసారభారము తల్లిపై బడెను. ఆ బాలుడు స్వయముగా దూరదర్శిని తయారు చేసికొని చంద్రబింబమును పరిశీలించుచు, అమెరికా నుండి వచ్చు చౌకబారు కథా పత్రికలను ఆబగా చదువుచు పెరిగెను. విశ్వవిద్యాలయములో చేరుటకు ధనము లేక, 1936లో లండను చేరి ప్రభుత్వ లెక్కల తనిఖీ శాఖలో గుమాస్తాగా కుదిరెను. పగలు జమాఖర్చులు, సాయంకాలము బ్రిటిష్ అంతర్‌గ్రహ సంఘమున మిత్రులతో చంద్రయాత్రకు లెక్కలు. ఆ సంఘమును చూచి నవ్వినవారే హెచ్చు.

రెండవ ప్రపంచయుద్ధము ఆ గుమాస్తాను 1941లో వైమానిక దళమునకు చేర్చెను. అచట ఆయనకు రాడార్ పని లభించెను. దట్టమైన పొగమంచులో దారి కానరాని విమానమును, నేలపై కూర్చున్న ఒక మనిషి రాడార్ తెరను చూచుచు, రేడియోలో మాటలతో మెల్లమెల్లగా దింపు పద్ధతి అది. ఒక కంఠస్వరమును నమ్మి విమాన చోదకుడు తన ప్రాణమును దానికి అప్పగించును. ఈ అనుభవమును క్లార్క్ 1963లో 'గ్లైడ్ పాత్' అను నవలగా వ్రాసెను.

ఆ కాలమున దూర ప్రసారముల స్థితి ఎట్టిదో పాత శ్రోతలకు జ్ఞాపకముండును. షార్ట్ వేవ్ తరంగములు ఆకాశమున పైపొరలకు తగిలి మరల నేలకు దిగుటవలననే విదేశ కేంద్రములు మనకు వినవచ్చెడివి. ఆ పొర సూర్యుని బట్టియు, ఋతువును బట్టియు, రాత్రింబవళ్లను బట్టియు మారుచుండును. అందుచే వార్తల నడుమ స్వరము సన్నగిల్లుట, గరగర ధ్వని పైకొనుట పరిపాటి. టెలివిజన్ తరంగముల ఇబ్బంది వేరు. అవి పైపొరను చీల్చుకొని శూన్యమున కలిసిపోవును. నేలపై దిగంతము దాటి పెద్దగా పోజాలవు. ఒక దేశమంతటికి బొమ్మలు పంపవలెనన్న స్తంభముపై స్తంభము నాటుకొని పోవలసినదే.

1945 అక్టోబరులో 'వైర్‌లెస్ వరల్డ్' అను సాంకేతిక పత్రికలో క్లార్క్ ఈ చిక్కునకు ఒక పరిష్కారము ప్రకటించెను. అందలి తర్కము సామాన్యులకు సైతము బోధపడును. భూమికి కొలది వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు వస్తువు గంటన్నరలో ఒక ప్రదక్షిణము ముగించును. దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్న చంద్రునకు ఇరువదియేడు దినములు పైగా పట్టును. కావున ఈ రెంటి నడుమ ఎచటనో, సరిగా ఒక దినములో ప్రదక్షిణము చేయదగిన ఎత్తు ఉండి తీరవలెను. లెక్క కట్టగా అది భూమిపై సుమారు 36,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖకు నేరుగా పైన, భూమి తిరుగు దిశలోనే అచట తిరుగు వస్తువు నేలపైనున్నవారికి కదలనట్లే కనబడును. స్వర్గమునకు పోలేక, నేలకు రాలేక నిలిచిన త్రిశంకువును గణితము మరల సృష్టించినదనవచ్చును! అట్టి కేంద్రములు మూడింటిని సమదూరమున నిలిపినచో, ధ్రువప్రాంతములు మినహా భూగోళమంతటికిని ప్రసారములు అందునని క్లార్క్ నిరూపించెను. మొదటి కృత్రిమోపగ్రహమైన స్పుట్నిక్ ఎగురుటకు అప్పటికి ఇంకను 12 సంవత్సరములు వ్యవధి కలదు.

అట్టి కక్ష్యను 1929లోనే హెర్మన్ పొటోచ్నిక్ అను ఇంజనీరు తన గ్రంథమున వివరించియుండెను. దానిని లోకమంతటికి ప్రసారములందించు ఏర్పాటుగా సమగ్రముగా లెక్కించి చూపిన ఘనత క్లార్క్‌ది. ఆ వ్యాసమునకు ఆయనకు ముట్టిన పారితోషికము 15 పౌనులు. పేటెంటు తీసికొనలేదు. 1963లో సిన్‌కామ్-2 దినమున కొక ప్రదక్షిణము చేయు కక్ష్య చేరెను. 1964లో సిన్‌కామ్-3 అచట నిశ్చలముగా నిలిచి టోకియో ఒలింపిక్ క్రీడలను సముద్రము దాటించెను. 1965 ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్‌తో ఉపగ్రహ వాణిజ్యము ఆరంభమయ్యెను. తీరిక వేళలలో తాను నూరుకోట్ల డాలర్లు ఎట్లు పోగొట్టుకొన్నదియు ఆయన ఒక హాస్యవ్యాసములో చెప్పుకొనెను. ఆ హాస్యమున విచారము లేదు. ఆ కక్ష్యను నేటికిని పలువురు క్లార్క్ కక్ష్యయని వ్యవహరించుచున్నారు.

ఈ కథలో తెలుగు పల్లెలకు సైతము పాత్ర కలదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు భారతదేశమున ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగము జరిగెను. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ఆధారముగా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు నేరుగా ప్రసారములందెను. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి; తెలుగు కార్యక్రమములకు హైదరాబాదున నిర్మాణకేంద్రము వెలసెను. ఉదయము గంటన్నర బడి పిల్లలకు. సాయంకాలము రెండున్నర గంటలు వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములతో పెద్దలకు. తంతివల అల్లిన గొడుగు వంటి ఏరియల్ క్రింద, అంతకు పూర్వము బొమ్మల పెట్టె నెరుగని ఊరు ఊరంతయు గుమికూడెను. అదే ప్రసారమును చూచుటకు మన అంతరిక్ష పరిశోధనా సంస్థ ఇంజనీర్లు కొలంబోలో క్లార్క్ ఇంటిపై ఒక ఏరియల్ నెలకొల్పిరి. సింహళమున అప్పటికి టెలివిజన్ కేంద్రమే లేదు. ముప్పది సంవత్సరముల క్రిందట తాను కాగితముపై వేసిన లెక్క, మన పల్లెటూరి రైతుకు చెప్పు పాఠమై తన ఇంటికే తిరిగి వచ్చుట కంటె రచయితకు వేరు సన్మానమేమి కావలెను?

కొలంబోలో ఆయన ఇల్లేమని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. 1956లో క్లార్క్ సింహళము చేరి, 2008 మార్చి 19న మరణించువరకు అచటనే నివసించెను. ఆయనను అటకు లాగినది ఆకాశము కాదు, సముద్రము. నీటిలో మునిగిన మనిషికి దేహభారము తెలియదు. శూన్యమున తేలుటకు భూమిపై అంతకంటె దగ్గరి అనుభవము లేదు. త్రికోణామలై కడ సముద్రగర్భమున కోణేశ్వరాలయపు శిథిలములను ఆయన మిత్రులతో కలిసి పరిశీలించెను. దక్షిణ తీరపు దిబ్బలకడ మునిగిన నావలో ఔరంగజేబు నాటి వెండి రూపాయలు దొరకిన వృత్తాంతమును గ్రంథముగా వ్రాసెను. శాస్త్రమును ప్రజలకు చేరువ చేసినందులకు యునెస్కో వారి కళింగ బహుమానము 1961లో ఆయనకు లభించెను. ఆ బహుమానమునకు మూలధనమిచ్చినవారు ఒరిస్సాకు చెందిన బిజయానంద పట్నాయక్.

ఇక కథల మాట. 'ది సెంటినెల్' అను చిన్న కథను క్లార్క్ 1948లో బి.బి.సి. పోటీకి పంపగా దానికి ఏ బహుమానమును రాలేదు. చంద్రునిపై ఒక కొండకొమ్మున మనుష్యులు కట్టని స్ఫటికపు గోపురము కనబడును. అది యుగయుగములుగా ఎచటికో సంకేతములు పంపుచున్న కావలివాడు. మానవుడు దానిని పగులగొట్టగనే సంకేతము ఆగును. ఆగుటయే అవతలివారికి వార్త. రేడియో మర్మమెరిగినవాడు గనుక మౌనము సైతము సందేశమగునని ఆయనకు తట్టెను. బహుమానమునకు నోచని ఈ కథాబీజమే పెరిగి, 1968లో స్టాన్లీ కుబ్రిక్‌తో కలిసి రూపొందించిన '2001' చలనచిత్రమును, నవలయు అయ్యెను.

'ది నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్' అను 1953 నాటి కథ మనకు మరింత సన్నిహితము. సహస్రనామ పారాయణము నెరిగిన మనకు దేవుని నామములన్నింటిని వ్రాసి ముగింపవలెనను టిబెటు లామాల సంకల్పము వింతగా తోచదు. వారు అందులకై ఒక గణన యంత్రమును అద్దెకు దెచ్చుట వింత. యంత్రముతో వచ్చిన ఇంజనీర్లు లోలోన నవ్వుకొందురు. ఆ నవ్వు చివరి వాక్యమున ఏమగునో ఇచట వెల్లడించుట పాఠకునకు అన్యాయము చేయుట యగును.

నవలలలో 'చైల్డ్‌హుడ్స్ ఎండ్' 1953లో వెలువడెను. ఆకాశము నుండి వచ్చిన శక్తిమంతులు భూమిపై యుద్ధములు మాన్పి, దారిద్ర్యమును తొలగింతురు. అందరికిని అన్నియు అమరును. అయినను కళ, అన్వేషణ క్రమముగా చల్లారును. తుదకు పిల్లలు తలిదండ్రులకు అర్థముకాని మరియొక జాతిగా మారి వెడలిపోదురు. పిల్లలను పెంచి దూరదేశములకు పంపిన ఏ తల్లికైనను ఈ కథ అంతరిక్షపు కథగా మిగులదు.

1973 నాటి 'రాండెవూ విత్ రామా' మనకు పేరుతోనే దగ్గరగును. గ్రీకు రోమను దేవతల పేర్లు అయిపోగా ఖగోళజ్ఞులు హిందూ దేవతల పేర్లకు వత్తురు. అట్లు ఒక వింత గోళమునకు రాముని పేరు దక్కును. సమీపించి చూడగా అది గోళము కాదు. యాబది కిలోమీటర్ల పొడవు గల స్తంభాకారపు నౌక. మనుష్యులు లోపలికి పోయి సముద్రమును, మెట్లను, నగరములవంటి కట్టడములను చూతురు. నిర్మించినవారు కానరారు. ఆ నౌక సూర్యుని చుట్టి తన దారిన తాను పోవును. మనకొరకు అది రాలేదు. మనలను గమనించినదో లేదో కూడ తెలియదు. విశ్వమున మానవుని స్థానమెంతటిదో ఇంత నిశ్శబ్దముగా చెప్పిన గ్రంథములు అరుదు. ఇందు ఉల్కాపాతములను ముందుగా కనిపెట్టు ఏర్పాటునకు రచయిత పెట్టిన 'స్పేస్‌గార్డ్' అను పేరునే 1992లో అమెరికా అంతరిక్ష సంస్థ నిజమైన పరిశీలన ప్రణాళికకు గ్రహించెను.

క్లార్క్ రచనలలో లోపములు లేవని మేమనము. ఆయన పాత్రలలో పెక్కుమందికి ముఖములు లేవు; ఇంజనీరు తరువాత ఇంజనీరు వచ్చి పోవుచుందురు. స్త్రీ పాత్రలు పలుచన. ఆయన జోస్యములన్నియు ఫలింపలేదు. వాల్వులు మార్చుటకు మనుష్యులు ఉపగ్రహ కేంద్రములలో కాపురముండవలెనని 1945లో ఆయన భావించెను. ట్రాన్సిస్టర్ వచ్చి ఆ అవసరమును తొలగించెను. 2001 నాటికి చంద్రునిపై కాలనీలు వెలయలేదు. కాని రచయితను పంచాంగకర్తవలె తప్పొప్పులు లెక్కించి తూచరాదు. తెలియని దానియెదుట భయమునకు బదులు ఆశ్చర్యమును, అహంకారమునకు బదులు వినయమును కలిగించుట ఆయన సాధించిన పని.

ఒక విషయము మాత్రము మన మనస్సున నిలుపుకొనవలెను. 1976లో ప్రయోగము ముగియగనే ఏ.టి.ఎస్.-6 తన దేశపు దిక్కునకు తరలిపోయెను. మన పల్లెలలో ఆ పెట్టెలు చాలవరకు మూగవోయెను. మన ఇన్సాట్-1బి 1983లో పైకెగయువరకు వేచియుండవలసి వచ్చెను. నేడు ఆ కక్ష్యలో వందలకొలది ఉపగ్రహములు కలవు. ప్రసారములకు కొరత లేదు. అయినను, పొగమంచులో దారితప్పిన విమానమును దించిన ఆ కంఠస్వరమునకు గల విశ్వాసయోగ్యత మన మాటలకు కలదా అని ప్రసారకులమైన మేము నిత్యము ప్రశ్నించుకొనవలసియున్నది. మాటను ఎంత దూరమైనను పంపు ఉపాయమును ఆయన చూపెను. ఏ మాట పంపవలెనో నిర్ణయించుకొనుట మన వంతు.